అనుముల స్ఫటికానికి పదును వచ్చిన వారం

1986 జూలైలో నన్ను రసాయనశాస్త్రం లెక్చరరుగా సిద్దిపేటలో ఒక డిగ్రీ కాలేజీకి పోస్టు చేశారు. సొంత ఊరికే పోస్టింగు రావడం ప్రభుత్వోద్యోగంలో లాటరీ తగలడంతో సమానం కనుక, స్టాఫు రూములో సగం మంది నాకు పైన ఎవరో పెద్దమనిషి ఉన్నాడని అనుకున్నారు. ఎవరూ లేరు. మా బాపు మగ్గం నేసేవాడు. ఆయనకు తెలిసిన అధికారి సొసైటీలో నూలు తూచి ఇచ్చే గుమాస్తా ఒక్కడే.

మరుసటి ఏడు హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి నమోదు చేసుకున్నాను. పార్ట్‌టైమ్ అంటే వారమంతా పాఠాలు చెప్పి, పరీక్ష పేపర్లు దిద్ది, మిగిలిన ఓపికతో పరిశోధన చేయడం. నా అంశం అనుముల గింజలోని ఒక ప్రొటీన్. మన ఇళ్లల్లో గుడాలు, అంటే గుగ్గిళ్లు, వేసుకునే అనుములే. చక్కెర అణువును గుర్తుపట్టి పట్టుకునే గుణం ఆ ప్రొటీన్‌కు ఉంది. ఎలా పట్టుకుంటుందో తెలియాలంటే దాని ఆకారం తెలియాలి. ఆ ఆకారం చూడాలన్న కోరిక నాలో ఎంత ఉండేదంటే, ఇంట్లో గుడాలు వడ్డించినా గింజ చేతిలోకి తీసుకొని కాసేపు చూసేదాన్ని. అమ్మ తిట్టేది.

ఈ పని తెలియనివారికి కొంచెం వివరం చెప్పాలి. ప్రొటీన్ అణువు మామూలు మైక్రోస్కోపుకు అందదు. అందుకని దాన్ని స్ఫటికంగా పెంచుతాము. అంటే కోట్ల అణువులు ఒకే వరసలో, ఒకే తీరుగా సర్దుకునేలా చేస్తాము. ఆ స్ఫటికం గుండా ఎక్స్ కిరణాలు పంపితే వెనక పెట్టిన ఫిల్ము మీద నల్లని చుక్కలు పడతాయి. వాటి నల్లదనం కొలిచి, లెక్కలు కట్టి ఆకారం రాబడతాము. ఫిల్ము నడుమన పడే చుక్కలు మోటు రూపం చెబుతాయి. అంచున పడే చుక్కలే సన్నని వివరం చెబుతాయి. అంచు చుక్కలు లేకపోతే, దూరం నుంచి ఎవరో మనిషి వస్తున్నాడని తెలుస్తుంది కాని ఎవరో తెలియదు.

మా గైడు గారు గోదావరి జిల్లా మనిషి. ల్యాబులో వీలైనంత వరకూ తెలుగే మాట్లాడాలని ఆయన పట్టుదల. చుక్క చెదరకుండా, గీసినట్టు, అంచుదాకా కనిపిస్తే 'పదునుగా ఉంది' అనేవారు. లేకపోతే 'పదును రాలేదమ్మా' అని ఫిల్మును బల్ల మీదికి విసిరేవారు. కత్తికి ఉండే పదునే ఆయన ఉద్దేశం. వినీ వినీ మా అందరి నోటా అదే మాట స్థిరపడింది. తరువాత జరిగినదంతా ఈ ఒక్క మాట వల్లే జరిగింది.

కాలేజీలో నాతోపాటే అదే నెలలో బోటనీ లెక్చరరుగా యాదగిరి సారు చేరారు. దౌల్తాబాదు దగ్గర వ్యవసాయ కుటుంబం. ఆదివారం చెలకకు పోయి సోమవారం మొదటి పీరియడ్‌కు వచ్చేవారు. చెలక అంటే మా వైపు ఎర్ర నేల, వానను నమ్ముకున్న భూమి. ఏది అడిగినా కాసేపు ఆలోచించి గాని జవాబు చెప్పరు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. గాజు సామాను మీద మరక కనిపిస్తే నా నోరు ఆగదు. ల్యాబు అటెండరు నన్ను చూసి పక్క దారి పట్టేవాడని తరువాత తెలిసింది.

నా పరిశోధనకు అనుములు ఆయన చెలక నుంచే వచ్చేవి. ఒకే చేను గింజలు కావాలని నేను పట్టుబట్టాను, ఆయన ప్రతి ఏడూ సంచి కట్టి తెచ్చారు. మేము గింజలు నానబెట్టి, రుబ్బి, ఉప్పు నీళ్లలో ప్రొటీన్‌ను దించి, వారాల తరబడి శుద్ధి చేస్తుంటే, అవే గింజలను ఆయన ఉడకబెట్టి ఉల్లిగడ్డ కలుపుకొని మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకునేవారు. నా పీహెచ్‌డీని తినేస్తున్నారు సారూ అని నేను అనేదాన్ని. ఉడికినంక దాంట్ల ఏం మిగల్లేదు మేడం, భయపడకున్రి అనేవారు. ఆ మాట నిజమే. వేడికి ఆ ప్రొటీన్ చెడిపోతుంది.

ఆయనకూ ఒక పరిశోధన ఉండేది. ఏ తేమలో నిల్వ చేస్తే విత్తనం ఎన్నాళ్లు మొలకశక్తి నిలుపుకుంటుందన్నది దాని సారం. ఇందుకు ఆయన వాడిన పద్ధతి విత్తన శాస్త్రంలో పాతదే. మూత గట్టిగా పట్టే గాజు పాత్ర అడుగున, ఇక కరగనంతగా ఉప్పు కలిపిన నీళ్లు పోస్తే, లోపలి గాలిలో తేమ ఒక పాళ్లలో నిలిచిపోతుంది. ఒక్కో ఉప్పుకు ఒక్కో పాళ్లు. బోటనీ ల్యాబు అటక మీద అలాంటి పాత్రలు వరసగా ఉండేవి. వాటిని నేను రోజూ చూసేదాన్ని. నా పనికీ వాటికీ సంబంధం ఉందని ఎన్నడూ తట్టలేదు.

స్ఫటికాలు పెరగడానికి వేడి ఎక్కువ తక్కువలు కాని చోటు కావాలి. కాలేజీలో కరెంటు ఉన్నప్పుడు ఒక తీరు, పోయినప్పుడు ఒక తీరు. అన్నలిద్దరూ భివండి మిల్లులకు వెళ్లిపోయాక మా ఇంట్లో రెండో మగ్గం గుంట ఖాళీగా పడి ఉంది. నేతగాడు కాళ్లు దించుకొని కూర్చునే ఆ గుంటలో ఎండాకాలమైనా చల్లదనం, తేమ ఉంటాయి. నూలుకు ఆ తేమే కావాలి, పొడి గాలికి పోగు తెగుతుంది. గుంటలో ఒక పలక వేసి, దాని మీద నా గాజు పళ్లేలు పెట్టుకున్నాను. మూతకు వేలాడే చిన్న బొట్టులో ప్రొటీన్, కింద గుంతలో గాఢమైన ద్రావణం. బొట్టులోని నీరు మెల్లగా తగ్గుతూ వస్తే స్ఫటికం కడుతుంది. పక్క మగ్గం ఆడితే పళ్లేలు అదురుతాయని బాపు తన మగ్గాన్ని ముందు గదిలోకి మార్చుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి మార్చి ఉంది.

పళ్లేలు చూడటానికి యాదగిరి సారు వారానికోసారి మా ఇంటికి వచ్చేవారు. గుంట గట్టు మీద కూర్చొని, చేతి లెన్సు పెట్టి బొట్టు బొట్టూ చూసి, బాపుతో వానల గురించీ నూలు గురించీ మాట్లాడి, చాయ తాగి వెళ్లేవారు. స్ఫటికాన్ని కాపిలరీలోకి ఎక్కించడం ఆయనకు నేనే నేర్పాను. కాపిలరీ అంటే ఊపిరి గట్టిగా తగిలితే విరిగేంత పలుచని గాజు గొట్టం. స్ఫటికాన్ని అందులోకి లాగి, చుట్టూ ఉన్న నీటిని కాగితం పోగుతో అద్ది, ఎండిపోకుండా పక్కనే అది పెరిగిన ద్రావణం బొట్టు ఒకటి ఉంచి, రెండు కొసలూ మైనంతో మూసేయాలి. ఆ ద్రావణాన్ని ఇంగ్లీషులో మదర్ లిక్కర్ అంటారు. ఒకసారి ఫోనులో ఆ పేరు నా నోట విని మా ప్రిన్సిపాల్ గారు నన్ను రెండు రోజులు అదో రకంగా చూశారు. యాదగిరి సారుకు చెయ్యి వణకదు. నాకంటే బాగా ఎక్కించేవారు. ఆ గట్టు మీద ఆయన పక్కన కూర్చొని పని చేయడం నాకు ఇష్టంగా ఉండేది. రాయడానికి కూర్చున్నాను కనుక సగం రాసి ఆపను. ఆయనంటేనే నాకు ఇష్టం. ఆ సంగతి పైకి చెప్పే అలవాటు మా ఇద్దరికీ లేదు.

స్ఫటికాలు వచ్చాయి. పటికబెల్లం పలుకుల్లా, అంచులు తేరి, చూడముచ్చటగా వచ్చాయి. కాని ఎక్స్ కిరణాల దగ్గర అవి పనికిరాలేదు. చుక్కలు ఫిల్ము నడుమనే నాలుగు పడి, బయటికి పోతున్నకొద్దీ మసకబారి మాయమయ్యేవి. ప్రొటీన్ స్ఫటికంలో దాదాపు సగం నీరే ఉంటుంది. అణువుల మధ్య ఖాళీల్లో ఆ నీరు నిండి ఉంటుంది. మా స్ఫటికంలో ఆ ఖాళీలు ఎక్కువ, అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోలేదు. పై రూపం బాగున్నంత మాత్రాన లోపలి వరస బాగుండాలని లేదు. ఎన్నిసార్లు మందులు మార్చి పెంచినా అదే తీరు.

1991 జూన్ మొదటి వారంలో గైడు గారు పిలిపించి, యంత్రం మీద నాకు ఇవ్వగల చివరి వంతు ఇదేనని చెప్పారు. ఆ ఏడుతో నా నమోదు గడువు కూడా ముగుస్తుంది. ఈసారీ అంచు చుక్కలు రాకపోతే అంశం మార్చుకోవాలి, అంటే మొదటికి రావాలి. నాలుగేళ్ల అనుములు బూడిదలో పోసినట్టే. నేను సెలవు పెట్టి హైదరాబాదు వెళ్లాను. చేతిలో ఉన్న స్ఫటికాలన్నీ ఎక్కించాను. అన్నిటిదీ అదే ఫలితం. గుంటలో మిగిలిన పళ్లేలకు యాదగిరి సారు కాపలా.

సంస్థ గేటు ఎదుట ఎస్టీడీ బూత్ ఉండేది. అక్కడి నుంచి కాలేజీ ఆఫీసుకు ఫోను చేసి, సారును పిలవమన్నాను. అప్పటికి మా వైపు వానలు మొదలై, మూడు రోజులు విడవకుండా కొట్టి, చెలకలు బురదయి ఉన్నాయి. స్టాఫు రూములో భూమి ఉన్న ప్రతి మనిషీ పదును ఎప్పుడొస్తుందా అని మాట్లాడుకుంటున్నాడు. ఆ సంగతి హైదరాబాదులో ఉన్న నాకు గుర్తు లేదు. రైతుకు పదును అంటే కత్తి పదును కాదు. నేలలో తడి సరిపాళ్లలో ఉండి, నాగలి దిగి, విత్తనం పడటానికి వీలైన స్థితి. వాన ఎక్కువైతే పదును ఉండదు, నీరు ఇంకేదాకా ఆగాలి.

లైనులో వాన చప్పుడే ఎక్కువ వినిపిస్తోంది. ల్యాబు భాష నా నోట్లో ఉంది. "సారూ, పదును వస్తలేదు. అసలుకే లేదు" అన్నాను.

ఆయన ఏదో అడిగారు. "ఎక్కువైందా?" అన్న మాట ఒక్కటే నాకు అందింది. ఇబ్బంది గురించి అడిగారనుకొని, చాలా ఎక్కువైందన్నాను.

"అయితే పదును వచ్చినంకనే తెస్త. తొందర చెయ్యకున్రి" అని పెట్టేశారు.

అంచులు తేరిన మంచి స్ఫటికాలు ఏరి తెస్తారని నేను అర్థం చేసుకున్నాను. స్ఫటికాల్లో తడి ఎక్కువైందని ఆయన అర్థం చేసుకున్నారు.

నాలుగు రోజుల తరువాత ఆయన బూరుగు దూది పరిచిన డబ్బాలో కాపిలరీలు పెట్టుకొని, సిద్దిపేట బస్సులో ఆ డబ్బాను ఒళ్లో పట్టుకొని, మధ్యాహ్నానికి ల్యాబుకు చేరారు. డబ్బా తెరిచి చూశాను. ఒక్క గొట్టంలోనూ స్ఫటికం పక్కన తల్లి ద్రావణం లేదు. స్ఫటికం ఒక కొసన, చాలా దూరంగా రెండో కొసన ఏదో తేటనీటి బొట్టు. రెండు గొట్టాల్లో స్ఫటికం పగిలి సున్నంలా తెల్లబడి ఉంది. మా వృత్తిలో మొదటి రోజు నేర్పే పాఠం, స్ఫటికాన్ని ఎండనివ్వకూడదని. అది నేనే ఆయనకు నేర్పాను. ఇవే నా ఆఖరి స్ఫటికాలు.

ద్రావణం ఏదని అడిగాను. నా గొంతు ఎలా ఉందో నాకు తెలుసు, గైడు గారు తన గదిలో నుంచి లేచి వచ్చారు. యాదగిరి సారు మాత్రం ఎప్పటిలాగే కాసేపు ఆలోచించుకున్నారు.

"తీసేసిన. పదును లేదని మీరే అంటిరి గద. తడెక్కువైతే ఆరనియ్యాలె. ఊకె ఆరబెడితే పలుగుతయని నా విత్తనాల ఉప్పునీళ్లు పెట్టిన" అన్నారు.

అటక మీద పాత్రల్లోని ద్రావణాలు ఆయన ఒక్కో గొట్టంలో ఒక్కోటి పెట్టారు. ఒకటి ఎక్కువ తేమ నిలిపేది, ఒకటి కొంచెం తక్కువ, ఒకటి ఇంకా తక్కువ. గొట్టం లోపలి గాలి ఆ పాళ్లకు వచ్చేదాకా స్ఫటికం మెల్లగా నీరు వదులుతుంది. రోజూ పొద్దున గుంట దగ్గరికి పోయి లెన్సుతో చూశారట. కొన్ని పగిలాయి, కొన్ని కొంచెం కుంచించుకొని తేటగా నిలిచాయి. నిలిచినవాటికి పదును వచ్చిందని తెచ్చేశారు.

గైడు గారికి విషయం అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. తరువాత నవ్వారు. ఆయన నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. నాకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చేలా ఉంది. వేరే స్ఫటికం లేదు కదా, పగలనిది ఎక్కించమ్మా అన్నారు. ఎక్కించాను. చీకటి గదిలో ఫిల్ము కడిగే పని ఎవరికీ ఇవ్వకుండా నేనే చేశాను. ఎర్ర దీపం కింద మందులో ఊపుతుంటే ముందు నడిమి చుక్కలు తేలాయి, అవి ఎప్పుడూ తేలేవే. తరువాత వాటి పక్కన మరికొన్ని. ఆ పక్కన ఇంకా. ఫిల్ము అంచు నా వేళ్ల కింద ఉంది, చుక్కలు నా వేళ్లదాకా వచ్చాయి.

తడి ఫిల్మును క్లిప్పుతో పట్టుకొని బయటికి వచ్చి కిటికీ వెలుగుకు పెట్టాను. సారుకు ఎటు చూడాలో తెలియలేదు. అంచు చూపించాను. ఆయన నా భుజం పక్క నుంచి వంగి, లెన్సు లేకుండానే, చాలాసేపు చూశారు. ఫిల్ము నుంచి నీళ్లు ఆయన చొక్కా మీద కారుతున్నా కదల్లేదు.

"పదును వచ్చింది సారూ" అన్నాను.

"ఏ పదును మేడం? మీదా, మాదా?"

"రెండూ."

నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో దానికంటే మంచి ఫిల్ములు ఎన్నో చూశాను, ఖరీదైన యంత్రాల మీద తీసినవి. మళ్లీ ఒక్కసారి చూడాలనిపించేది ఆ తడి ఫిల్మునే. దాన్ని ఒక్కదాన్నే చూడాలని కూడా కాదు, ఆ కిటికీ దగ్గర, ఆ మనిషి పక్కన నిలబడి చూడాలనిపిస్తుంది.

తరువాత క్యాంటీనులో చాయ తాగుతూ ఆయన పదును గురించి చెప్పారు. నల్లరేగడిలో వారం రోజులైనా నిలుస్తుందట. చెలకల పదును రెండు దినాలే ఉంటది, గా రెండు దినాలల్ల విత్తనం పడాలె, లేకుంటే మల్ల వాన కోసం మొగులు చూసుడే అన్నారు. తన చెలకలో ఆ రోజు పదునుంది, తమ్ముడు ఒక్కడే విత్తుతున్నాడు. ఆ సంగతి వచ్చిన వెంటనే చెప్పలేదు, చాయ అయిపోయాక చెప్పారు.

శాస్త్రం విషయం కూడా పూర్తి చేస్తాను. నీరు మెల్లగా తగ్గితే అణువుల మధ్య ఖాళీలు చిన్నవై, అణువులు దగ్గరికి జరిగి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, వరస కుదురుతుంది. అన్ని ప్రొటీన్లూ ఇలా మాట వినవు. చాలావాటిని ఆరబెడితే పగలడమే తెలుసు. ఇది మేము కనిపెట్టిన పద్ధతీ కాదు. మాకు ముందే ఈ దారిలో నడిచినవారు ఉన్నారని గైడు గారు పాత పత్రికలు తీసి చూపించారు. ఆ తరువాత ఉప్పులను వరసగా పెట్టి, ఏ తేమ దగ్గర చుక్కలు ఎంత దూరం పోతున్నాయో క్రమంగా పరీక్షించాము. సరిపాళ్లు దొరికాయి. ఇక పూర్తి ఫిల్ములు తీయాలి. ఎక్స్ కిరణాలకు స్ఫటికం కొంతసేపే తట్టుకుంటుంది, తరువాత పాడవుతుంది. అందుకని చాలా స్ఫటికాలు కావాలి. సిద్దిపేటలో సారు మిగిలిన ప్రొటీన్‌తో గుంటలో కొత్త పళ్లేలు పెట్టి, వచ్చిన స్ఫటికాలను పదునుకు తెచ్చి బస్సులో వచ్చేవారితో పంపేవారు, నేను యంత్రం వదలకుండా కూర్చున్నాను. నా వంతును గైడు గారు ఎవరినో బతిమాలి పొడిగించారు.

జూన్ చివరలో ఒకరోజు డబ్బా పట్టుకొని సారు తనే వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. బదిలీ ఆర్డరు వచ్చిందని, ఆసిఫాబాదులో వెంటనే చేరమన్నారని చెప్పారు. నేను అప్పుడు మైక్రోస్కోపు మీద కన్ను పెట్టి, కెమెరా మీది స్ఫటికాన్ని మర సన్నగా తిప్పుతూ నడిమికి తెస్తున్నాను. ఆ పనిలో తల తిప్పితే మళ్లీ మొదలు. అక్కడ మంచి అడవి ఉంది, మీ బోటనీకి పనికొస్తుంది అన్నాను. వెళ్లవద్దని అనాలనిపించింది. ఆ మాట అనలేదు.

మీతోని ఒక మాట మాట్లాడాల్నని వచ్చిన అన్నారాయన. ఈ స్ఫటికం ఉండగానే ఫిల్ములన్నీ తీసేయాలె, రెండు దినాలు ఆగున్రి సారూ, తీరికగ మాట్లాడుకుందం అన్నాను. ఆయన ఎప్పటిలాగే కాసేపు ఆలోచించారు.

"రెండు దినాలైతే పదును పోతది మేడం."

"పోదు సారూ. సీలు గట్టిగ ఏసిన" అన్నాను, కన్ను తీయకుండానే.

ఆయన నవ్వినట్టు వినిపించింది. డబ్బా బల్ల మీద పెట్టి, జాగ్రత్త అని వెళ్లిపోయారు. మరునాడు ఆసిఫాబాదుకు బయలుదేరారని తరువాత విన్నాను.

ఫిల్ములు పూర్తయ్యాయి, వాటితోనే గడువులోగా థీసిస్ సమర్పించాను. గైడు గారు నాకు ఆ సంస్థలోనే రీసెర్చ్ అసోసియేటుగా చోటు చూపించారు. లెక్చరరు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, చలికాలం మొదట్లో సామాను తెచ్చుకోవడానికి సిద్దిపేట వెళ్లాను. ముందు కాలేజీకి పోయి లెక్కలు అప్పగించాను. స్టాఫు రూము బోర్డు మీద యాదగిరి సారు పెళ్లి పత్రిక గుచ్చి ఉంది. అందరూ చదివినట్టే నేనూ చదివాను. పేర్లు, ముహూర్తం, భోజనాల వేళ.

ఇంటికి వెళ్లేసరికి బాపు తట్టతో మట్టి తెచ్చి రెండో గుంట పూడుస్తున్నాడు. నా పళ్లేల పలక గోడకు ఆనించి ఉంది. ఇగ ఎవరు దిగుతరు బిడ్డా దీంట్ల అన్నాడు. కాసేపు మట్టి తొక్కి, తల ఎత్తకుండా అన్నాడు:

"గా సారు సంగతి నేనడుగలే. నువ్వు వద్దన్నవేమో అనుకున్న."

ఏ సంగతి అని అడిగాను.

"హైద్రాబాదు పోయేముంగట గీడనే కూసున్నడు, గట్టు మీద. మీ బిడ్డను చేసుకుంటనని అడిగిండు. నాదేమున్నది సారూ, దాన్నే అడుగున్రి అన్న. అడిగిండా?"

"అడిగిండు బాపు" అన్నాను. "నాకే సమజ్ కాలే."

బాపు మట్టి తొక్కడం ఆపి నా ముఖం చూశాడు. మిగిలిన తట్టలు నేనే అందించాను, చీకటి పడకముందే గుంట నేల మట్టానికి వచ్చింది.

అనుముల ప్రొటీన్ ఆకారం తేలడానికి మరో రెండేళ్లు పట్టింది. చక్కెర అణువు ఎక్కడ కూర్చుంటుందో, దాన్ని ఏ చేతులు పట్టుకుంటాయో కంప్యూటరు తెర మీద మొదటిసారి చూసిన రోజు చెప్పుకోవాలనిపించిన మనిషి ఆసిఫాబాదులో ఉన్నాడు. మా పరిశోధన పత్రంలో మూడో పేరు ఆయనది. ప్రతి పంపాను. చాలా సంతోషం, అనుములు ఈసారి బాగా కాసినయి అని కార్డు వచ్చింది. నేను పెళ్లి చేసుకోలేదు. దానికి ఆయనే కారణమని ఎవరైనా అంటే ఒప్పుకోను, పని ఉండింది, పని బాగుండింది. కాని జూన్‌లో వాన వెలిసిన పూట ఫోను మోగితే, ఇప్పటికీ ఎత్తేముందు ఒక క్షణం ఆగుతాను.

సీనియర్ టెక్నికల్ ఆఫీసరుగా రిటైరయ్యేదాకా, కొత్తగా చేరినవారికి స్ఫటికం ఎక్కించడం నేర్పే పని నాదే. వారికి మూడు సంగతులు చెప్పేదాన్ని. నీరు తీయదలచుకుంటే మెల్లగా తీయాలి. ఎక్కువ తీశాక మళ్లీ నీరు పెడితే స్ఫటికం పాత రూపానికి రాదు, నేను చాలాసార్లు పెట్టి చూశాను. మూడోది, మైనం ఎంత మందంగా పెట్టినా కాపిలరీ సీలు పూర్తిగా ఆపదు, గాలి దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. అందుకని పదును వచ్చిన స్ఫటికాన్ని ఆ రోజే కెమెరా మీదికి ఎక్కించాలి. రెండు రోజులు ఆగితే గొట్టంలో ఉండేది అది కాదు, వేరే స్ఫటికం.